చెట్లు నిలబడ్డాయి

ఫోను మోగేసరికి రీనో కంగాస్ ఒక బూటుకి ఇనుప ముళ్ళ పట్టీ బిగించి, రెండో బూటు చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళి వంటింటి గోడకున్న రిసీవరు అందుకున్నాడు.

"చెట్లు నిలబడ్డాయా?" అంది అవతల నుంచి అతని భార్య హెల్మి. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు.

"నిన్న సాయంత్రానికి ఆఖరుది కూడా పాతేశాం. ఇవాళ ఒకసారి నడిచి చూసి..."

"చూసేదేముంది? ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నావు. ఆ సరస్సు ఎక్కడికీ పారిపోదులే. ఆరు వారాలైంది రీనో. ఈ ఆసుపత్రి జావ తాగి తాగి నా నాలుక చచ్చిపోయింది. సిల్వియా బండి సిద్ధం చేసి కూర్చుంది. నువ్వు ఆ మాట అనేస్తే మేం సరిగ్గా పన్నెండింటికి బయల్దేరతాం."

ఆ మాట అనే హక్కు దీవిలో రీనో ఒక్కడికే ఉంది.

డిసెంబరులో పడవలు ఆగిపోతాయి. జనవరి చివరికి దీవికీ పెద్ద ఒడ్డుకీ మధ్యనున్న నాలుగు మైళ్ళ నీరు మోటారు మంచుబండి నడిచేంత గట్టిగా గడ్డకడుతుంది. పండగ అయిపోయాక ఇంటి ముందు పారేసిన క్రిస్మస్ చెట్లను రీనో స్లెడ్జి మీద ఏరుకొచ్చి, మంచుకు కన్నం పొడిచి, మొదలు దించి, చుట్టూ నీళ్ళు పోస్తాడు. అరగంటలో చెట్టు బండరాయిలా బిగుసుకుంటుంది. వంద అడుగులకో చెట్టు. అదే దారి. ప్రతి ఇంటివాళ్ళూ తమ చెట్టుకు ఏదో ఒక వస్తువు వదిలేస్తారు, తుఫానులో కూడా ఎవరి చెట్టు దగ్గరున్నామో తెలియడానికి. 'బడిపంతులమ్మ గంట దాటాం, సగం దూరం వచ్చేశాం' అని పిల్లలు కూడా చెప్పగలరు. చెట్లు నిలబడ్డాయని రీనో చెప్పనిదే ఆ మంచు మీద ఎవరూ కాలు పెట్టరు. చెప్పాక ఎవరూ మరో ప్రశ్న వెయ్యరు. దీవివాళ్ళు దిక్సూచినైనా అనుమానిస్తారు గాని చెట్లను అనుమానించరు.

రీనోకి ఒక నియమం ఉంది. రాత్రి గాలి వీస్తే, తెల్లారాక ఈ కొస నుంచి ఆ కొసదాకా గునపంతో మంచును కొట్టుకుంటూ నడిచి చూడాలి. ఆ తర్వాతే మాట. రాత్రి రెండింటిదాకా గాలి వీచింది. కిటికీ అద్దాలు గడగడలాడటం అతను పడుకునే విన్నాడు.

ఫోనులో హెల్మి ఊపిరి వినిపిస్తోంది. తుంటి ఎముక విరిగి, దీవి నుంచి ఆఖరి పడవలో ఆమెను తీసుకెళ్ళారు. ఆ పడవ మీద ఆమె పక్కన ఇతనికి చోటు లేకపోయింది.

"చెట్లు నిలబడ్డాయి," అన్నాడు రీనో.

"హమ్మయ్య. కాఫీ గిన్నె కడిగావా, ఆరు వారాల మడ్డి మీదే కాస్తున్నావా?"

"కడిగాను."

"అబద్ధం," అని నవ్వి ఆమె ఫోను పెట్టేసింది.

రీనోకి అరవై ఏడేళ్ళు. పొడగరి. ఎండాకాలం పడవ మీద తాళ్ళు విసిరీ, చలికాలం గునపం మోసీ భుజాలు ముందుకు వంగాయి. ఎడమ చేతి చిటికెన వేలు కొరియాలో చలికి పోయింది. యుద్ధం గురించి ఎవరైనా అడిగితే ఆ వేలి మొదలు చూపించి, "అక్కడ కూడా చలే," అనేవాడు. అంతకుమించి కూతురు సిల్వియాకి కూడా తెలియదు. పతకం ఉంది. చేపల పెట్టెలో, గాలాల అడుగున. నవంబరులో ఒక్క జింకను కొడతాడు, రెండోది ఎదురొచ్చినా తుపాకీ ఎత్తడు. దీవిలో సగం మందికి మంచు కింద చేప ఎక్కడ పడుకుంటుందో నేర్పింది అతనే. సిల్వియాకి ఆరేళ్ళప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఈ దారంతా నడిచాడు, ఒక్కో చెట్టు దగ్గరా ఆగి ఇంటివాళ్ళ పేరు చెప్పిస్తూ.

ఒడ్డున హెల్మి తమ్ముడు ఆర్వో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గాలం సరిచేసుకుంటున్నాడు.

"ఏం బావా! అక్క వచ్చేస్తోందటగా. నీ స్వర్గం ఇవాళ్టితో సరి," అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"సిల్వియా ఫోను చేసింది. నాన్న మాట ఇచ్చేశాడు మావయ్యా అంది." ఆర్వో తలెత్తాడు. "రాత్రి గాలి వినలేదా?"

"విన్నాను. నడవడానికే వెళ్తున్నా."

"మాట ముందు, నడక తర్వాతానా? నువ్వేనా బావా? గాలి లేని రోజు కూడా మంచుని మూడుసార్లు కొట్టి చూసేవాడివి!"

"మీ అక్క అడిగితే నువ్వు కాదనగలవా?"

"నేనా? నేను చిన్నప్పటి నుంచీ దానికి భయపడుతున్నాను. నువ్వు పెళ్ళయ్యాక మొదలెట్టావు. అంతే తేడా." ఆర్వో నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. "నేనూ రానా?"

"నీ మోకాళ్ళతో వస్తే నిన్ను మోసుకు రావడానికి ఇంకొకడు కావాలి," అని రీనో మంచు మీదికి దిగాడు.

గునపం దించాడు. టంగ్. గట్టి మంచు. పది అడుగులు. టంగ్.

మొదటి మైలు అద్దంలా ఉంది. మైలు దాటాక మంచులో వేలెడు వెడల్పున ఒక బీట కనిపించింది. అప్పుడే గడ్డకట్టిన బూడిదరంగు నీళ్ళు. అలాంటి బీటలు ప్రతి చలికాలం వస్తాయి. దాటేశాడు. నాలుగు చెట్లు దాటాక పొగమంచు కమ్ముకుంది.

అతను ఆగిపోయాడు. చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది. ఇంత చలిలో పొగమంచు దానంతటది పుట్టదు. ఎక్కడో నీళ్ళు నోరు తెరిస్తేనే పుడుతుంది.

వెనక్కి తిరిగి చూశాడు. దీవి లేదు. ముందు ఒక చెట్టు, దాని వెనక ఇంకో చెట్టు నీడ. చేతులు దింపుకుని వరసలో నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే చెట్టు అవుతుంది, దాటగానే వెనక మళ్ళీ మనిషి అవుతుంది.

టంగ్, అని కొట్టాడు. ఎదర ఎక్కడో ఇంకొకరు కొట్టినట్టు, కాస్త ఆలస్యంగా, టంగ్.

అది అతనికి కొత్త కాదు. పొగమంచు పడ్డ రోజుల్లో ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాడు. ప్రతిధ్వని అని తనకు తాను చెప్పుకున్నాడు. కాని బల్లపరుపు మంచు మీద ధ్వని తగిలి వెనక్కి రావడానికి కొండ లేదు, గోడ లేదు. హెల్మికి కూడా ఈ సంగతి చెప్పలేదు. చెబితే, ఎవరనుకుంటున్నావు అని అడుగుతుంది. అడిగితే పేరు చెప్పాలి.

వెండెల్. లారీ డ్రైవరు. కొరియాలో రోజూ పొద్దున్నే రీనో రోడ్డు మీద ముందు నడుస్తూ, ఇనుప చువ్వతో మట్టి పొడిచి మందుపాతరలు వెతికేవాడు. లారీలు వెనక ఆగి ఉండేవి. ఒక పొద్దున వెండెల్ హారన్ కొట్టి, "ఒరే కంగాస్! పైన మావాళ్ళు ఆకలితో చస్తున్నార్రా. పొలం దున్నుతున్నావా ఏంటి?" అని అరిచాడు. ఆఖరి మలుపు దగ్గర ఇంకా పొడిచి చూడని నలభై అడుగులు మిగిలాయి. రీనో చెయ్యి ఊపి, "దారి బాగుంది," అన్నాడు. లారీ పక్కనుంచి వెళ్తుంటే వెండెల్ కిటికీలోంచి అతని టోపీ లాగి తల మీద ఒకటి కొట్టి వెళ్ళాడు. నలభై అడుగులు.

అప్పటి నుంచి రీనో నడవని దారిని బాగుందని చెప్పలేదు. ఈ పొద్దుటిదాకా.

దీవిలో చర్చి గంట మొదలైంది. పొగమంచు పడితే మంచు మీదున్న వాళ్ళకోసం పాస్టరు ఆగకుండా గంట కొడుతూనే ఉంటాడు. దీవి నుంచి వెళ్ళేవాడికి గంట వీపు వెనక వినిపించాలి. రీనోకి అది ఎడమ భుజం వెనక వినిపించింది.

పొగలో ధ్వని అటూ ఇటూ అవుతుందిలే అనుకుని నడిచాడు. మాకీ ఇంటి చెట్టు, రేకు పిట్ట. తర్వాత బేకరీ ఆవిడ చెట్టు, చెక్క గరిటె. తర్వాత పంతులమ్మ చెట్టు, నీలం గాజు గంట. ఒక్కటి కూడా తప్పిపోలేదు, ఒక్కటి కూడా వరస మారలేదు. తను పాతినవి పాతినట్టే ఉన్నాయి. కాని చర్చి గంట జరుగుతోంది. ఇప్పుడది దాదాపు ఎడమ చెవిలో ఉంది.

చెట్లలో తప్పు లేదు. గంటలో తప్పు లేదు. రెండూ నిజమైతే, తిరిగింది సరస్సే.

టంగ్, అని కొట్టాడు. ఎదర నుంచి జవాబు రాలేదు.

మళ్ళీ కొట్టాడు. నిశ్శబ్దం. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి రీనో ఆగిపోయాడు. తర్వాత గునపాన్ని చెయ్యి చాచినంత దూరం ముందుకు దించాడు.

గునపం నీళ్ళలోకి దిగిపోయింది.

పొగ కాస్త విచ్చింది. అతని కాళ్ళముందు నల్లటి నీళ్ళు. ఆవిర్లు. అవతలి గట్టు కనిపించలేదు.

వేలెడు బీట అని దాటేసినది బీట కాదు, తలుపు బందు. రాత్రి గాలికి మైలు పొడవు మంచుపలక అక్కడ విరిగి, తలుపు తెరుచుకున్నట్టు తూర్పుకి తిరిగింది. చెట్లన్నిటినీ నిలబెట్టుకునే తిరిగింది. పెద్ద ఒడ్డు నుంచి వచ్చే సగం దారి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఆ సగం వరసా వచ్చి వచ్చి ఇదే నీళ్ళలో ఆగుతుంది. పొగలో, చెట్టు నుంచి చెట్టుకి, సిల్వియా బండి తోలుకుంటూ వస్తుంది. వెనక స్లెడ్జి మీద దుప్పట్లలో, తాళ్ళతో కట్టి పడుకోబెట్టిన హెల్మి.

గడియారం చూశాడు. పదకొండూ ఇరవై.

వెనక్కి వెళ్ళి ఫోను చెయ్యడానికి గంట పైన పడుతుంది. అవతలి గట్టుకు చేరాలి. పలక తూర్పుకి తిరిగిందంటే, తూర్పు మూల ఒడ్డు మంచును ఎక్కడో ఢీకొట్టే ఉంటుంది. రీనో నీటి అంచు పట్టుకుని ఎడమకి పరిగెత్తాడు. పరిగెత్తి పదేళ్ళయింది.

రెండు ఫర్లాంగుల తర్వాత నీళ్ళు సన్నబడి, మంచు గుట్ట మొదలైంది. రెండు పలకలు గుద్దుకున్న చోట తలుపులంతేసి మంచు బల్లలు ఒకదాని మీదొకటి నిలువుగా లేచాయి. అడుగున ఏదో నములుతున్న చప్పుడు. రీనో గునపంతో వెతుక్కుంటూ ఎక్కాడు. అవతల దిగేటప్పుడు ఒక బల్ల కిందికి జారింది. కుడికాలు తొడదాకా నీళ్ళలోకి పోయింది. గునపాన్ని అడ్డం వేసి పైకి లాక్కున్నాడు. లేచి నిలబడేసరికి ప్యాంటు రేకులా బిగుసుకుపోయింది.

దాటేచోటు దొరికింది. స్లెడ్జి కూడా పడుతుంది, కాస్త పక్కగా, రెండు పెద్ద బల్లల మధ్యనుంచి. అక్కడ మంచును నాలుగుసార్లు కొట్టి చూశాడు. గట్టిది.

ఇప్పుడు మళ్ళీ పడమటికి, నీటి అంచు వెంట, ఒడ్డు నుంచి వచ్చే వరసలో ఆఖరి చెట్టు దాకా. అది ఆర్వో చెట్టు. ఆర్వో ఏటా ఎనామిల్ గరాటు ఒకటి తగిలిస్తాడు. గరాటు వెనక ఆరడుగుల్లో నీళ్ళు. పన్నెండుకి పది నిమిషాలు.

వెనక రెండు చెట్లను గునపంతో మొదలంటా నరికాడు. ఒక్కోదానికి ఇరవై దెబ్బలు పట్టాయి. నీళ్ళకు చాలా ముందే వాటిని దారికి అడ్డంగా పడేశాడు. సిల్వియా వాటిని చూసి బండి ఆపుతుంది. ఆపాక? గాలికి పడ్డాయనుకుంటుంది. చుట్టూ తిరిగి మళ్ళీ వరస అందుకుంటుంది. ఎదురుగా మావయ్య గరాటు కనిపిస్తుంటే ఆగే పిల్ల కాదు. తనైనా ఆగడు. పుట్టినప్పటి నుంచీ చెట్టును నమ్మమనే కదా ఆమెకు నేర్పింది.

ఇక్కడ ఒక మనిషి నిలబడి తూర్పుకి చెయ్యి చూపించాలి. అక్కడ, గుట్ట దగ్గర, ఏ రెండు బల్లల మధ్య దాటాలో చూపించడానికి ఇంకో మనిషి కావాలి. పొగలో ఒక బార పక్కకు వెళ్ళినా స్లెడ్జి నీళ్ళలోకి పోతుంది. చోట్లు రెండు. మనిషి ఒక్కడు.

రీనో ఎక్కువసేపు ఆలోచించలేదు. ఒంటి మీదున్న నారింజరంగు వేటకోటు గుండీలు విప్పాడు. చిటికెన వేలు లేని చెయ్యి ఎప్పుడో మొద్దుబారింది, గుండీలు పళ్ళతో లాగాల్సి వచ్చింది. పడేసిన చెట్ల ముందు నిలబడి ఉన్న చెట్టుకి కోటు తొడిగి, కుడి చేత్తో గుండీలు పెట్టాడు. ఒక కొమ్మ విరిచి కోటు ఎడమ చేతిలోంచి దూర్చాడు. చెయ్యి తిన్నగా లేచి తూర్పుకి చూపింది. కోటు మీది టోపీ కొమ్మ చివరికి లాగి కట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. పొగలో తను నిలబడి ఉన్నాడు.

వెన్ను జలదరించింది. ఉన్ని చొక్కా మాత్రమే మిగిలింది మరి.

ఇంకో చెట్టు నరికి, ఈడ్చుకుంటూ, కొమ్మలు విరిచి వేసుకుంటూ గుట్ట దగ్గరికి బయల్దేరాడు. కుడికాలు లేదు. ఉన్నట్టు నమ్మి నడిచాడు. సగం దూరంలో బండి చప్పుడు వినిపించింది. పెద్ద ఒడ్డు నుంచి, సన్నగా, తుమ్మెదలా.

గుట్ట చేరి, దాటాల్సిన చోట చెట్టును ఆనించి, పక్కనున్న మంచు బల్ల మీద కూర్చున్నాడు. గునపాన్ని రెండు బల్లల మధ్య సందువైపు పెట్టి, చెయ్యి దాని మీద వేశాడు. ఇటు, అని.

బండి దగ్గరపడింది. దగ్గరపడింది. ఆగింది.

"నాన్నా!" సిల్వియా గొంతు. "అక్కడ నిలబడి ఏం చేస్తున్నావ్? చెట్లెందుకు పడేశావ్?"

జవాబు చెబుదామని రీనో నోరు తెరిచాడు. ఊపిరి వచ్చింది, గొంతు రాలేదు.

బండి అక్కడే ఆగి ఉంది. ఆ కాసేపూ అతనికి ఆ నలభై అడుగులంత పొడుగ్గా ఉంది. అప్పుడు హెల్మి గొంతు, దుప్పట్లలోంచి, విసుగ్గా: "చెయ్యి చూపిస్తున్నాడు కదే, కనపడట్లా? అటు తిప్పు. నువ్వూ మీ నాన్నలాగే, ప్రతిదానికీ ప్రశ్నలు!"

ఇంజను గర్జించింది. చప్పుడు తిన్నగా నీళ్ళవైపు రాలేదు. పక్కకి తిరిగింది. నీటి అంచు వెంట తూర్పుకి, మెల్లగా, తనవైపు.

రీనో కళ్ళు మూసుకున్నాడు. చలి తగ్గిపోయింది. నలభై ఏళ్ళ కిందట కాలిన అడవిలో నీలం పళ్ళు ఏరుతూ హెల్మి ఇలాగే విసుక్కునేది. పళ్ళు బుట్టలో వెయ్యి, నోట్లో కాదు, అని. ఆమె నోరు మాత్రం నీలంగా ఉండేది.

సిల్వియా బండి గుట్ట దగ్గర ఆపేసరికి అతను గునపం మీద చెయ్యి వేసి, తల కాస్త వంచి కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద మంచు పేరుకుంది, నోటి దగ్గర ఆవిరి లేదు.

"నాన్నా?" సిల్వియా బండి దిగకుండా వెనక్కి చూసింది, మళ్ళీ ముందుకు చూసింది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. "అమ్మా... నాన్న అక్కడ మలుపులో నిలబడి ఉన్నాడు. ఇద్దరం చూశాం కదా. మనకంటే ముందు ఇక్కడికెలా వచ్చాడు?"

హెల్మి దుప్పటి తొలగించి మొగుడిని చూసింది. ఒంటి మీద ఉన్ని చొక్కా. ఆమె చాలాసేపు చూసింది. సరస్సు అడుగున ఆ నమిలే చప్పుడు ఆగకుండా వస్తోంది.

"కోటేది?" అంది చివరికి. "దిగు సిల్వియా. మీ నాన్నని నా పక్కన పడుకోబెట్టు. జాగ్రత్త, తల. ఆఁ, అలాగ. చోటుందిలే. ఈసారి చోటుంది."

గునపం చూపిన సందులోంచి వాళ్ళు గుట్ట దాటారు. స్లెడ్జి ఒక్కచోట కూడా ఒరగలేదు.

మర్నాడు ఆర్వో కొత్త దారికి చెట్లు పాతాడు. మొత్తం నడిచి, కొట్టి చూసి, ఆ తర్వాతే ఫోను ఎత్తి మాట చెప్పాడు. మలుపు దగ్గరికి వచ్చాక కోటు విప్పబోయాడు. అది చెట్టుతో కలిసి గడ్డకట్టుకుపోయింది. రెండు గుండీల దాకా ప్రయత్నించి, చేతులు కిందికి దించేశాడు. దానికి పక్కన ఇంకో చెట్టు పాతాల్సిన అవసరం లేకపోయింది.

ఆ చలికాలమంతా దీవివాళ్ళు అక్కడ బండి నెమ్మది చేసి తూర్పుకి తిరిగారు. ఏప్రిల్లో మంచు కరిగేదాకా ఆ నారింజరంగు కోటు అక్కడే ఉంది. గుండీలు రెండు విప్పి, భుజాల మీద మంచు మోస్తూ, ఎడమ చెయ్యి చాచి.